పెద్దాయన మళ్లీ నిలబడితే ఏం అడగాలి? ఐర్లాండ్ అధ్యక్ష ఎన్నికలపై ఒక ప్రసంగం

(ఐర్లాండ్‌లో స్థిరపడిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే, నేరుగా విషయంలోకి వెళ్దాం.

"ఈ వయసులో ఆయనకు ఇంకా కుర్చీ ఎందుకండీ?" ఈ మాట మనకు కొత్త కాదు. ఊళ్లో సర్పంచి ఎన్నికలప్పుడు అంటాం, అపార్ట్‌మెంట్ సంఘం ఎన్నికలప్పుడు కూడా అంటాం. 2018లో అప్పటి ఐర్లాండ్ అధ్యక్షుడు మైకేల్ డి. హిగ్గిన్స్ 77 ఏళ్ల వయసులో రెండోసారి నిలబడినప్పుడు ఈ దేశంలోనూ అదే మాట వినిపించింది. పదవీకాలం ఏడేళ్లు కాబట్టి, గెలిస్తే పదవి దిగేసరికి 84 వస్తాయి. మరి ఆ ప్రశ్న అడగడం తప్పా? తప్పు కాదు. ఓటు వేసేవాడికి ఏదైనా అడిగే హక్కు ఉంది. కానీ ఆ ఒక్క మాటలో నాలుగు వేరువేరు ప్రశ్నలు ముద్దగా కలిసి ఉన్నాయి. ఆ ముద్దను విడదీయకుండా అడిగామా, నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు రాదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. ఐర్లాండ్‌లో అధ్యక్షుడిగా ఉన్న మనిషి మళ్లీ నిలబడి, ఎదురుగా పోటీ ఉండి, జనం ఓటు వేసి తేల్చిన సందర్భాలు ఎన్ని ఉన్నాయో చెప్పగలరా? రెండే రెండు. 1966, 2018. మిగతా వాళ్లు, అంటే 1952లో షాన్ టి. ఓకెల్లీ, 1983లో పాట్రిక్ హిల్లరీ, 2004లో మేరీ మకలీస్, పోటీ లేకుండానే రెండోసారి కొనసాగారు. ఇక్కడో చిన్న జాగ్రత్త. 2018లో కుర్చీలో ఉన్నది హిగ్గిన్స్. 1966లో కుర్చీని ఎదిరించిన మనిషి ఓహిగ్గిన్స్. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఇద్దరినీ కలిపేసుకోకండి.

1966 సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. అప్పటి అధ్యక్షుడు ఏమన్ డి వలేరా. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో ఆయుధం పట్టినవాడు. 1937 రాజ్యాంగం ఆయన ప్రధానిగా ఉండగా తెచ్చిందే. అంటే అధ్యక్ష పదవి అనేదాన్ని రూపుదిద్దిన మనిషే ఆ పదవిలో కూర్చున్నాడు. వయసు 83. మన లెక్కలో సహస్ర చంద్ర దర్శనం కూడా దాటిపోయింది, వెయ్యి పున్నములు చూసేశాడు. చూపు దాదాపు పోయింది. ఎదురుగా నిలబడ్డ టామ్ ఓహిగ్గిన్స్ వయసు 49. డి వలేరా తిరుగుబాటు చేసిన ఏడాదే ఈయన పుట్టాడు. ఇంతకంటే పచ్చిగా రెండు తరాలు ఎదురెదురుగా నిలబడటం ఉంటుందా?

అప్పుడు ఏం జరిగిందో చూడండి. డి వలేరా తరఫున ప్రచారం నడిపించింది అప్పటి మంత్రి చార్లెస్ హాహీ. పెద్దాయన పదవిలో ఉన్నారు కాబట్టి ప్రచారానికి దిగరు అన్నారు. ఒక్కరే ప్రచారం చేస్తుంటే ఆ ఒక్కరినే చూపించడం పక్షపాతం అవుతుందని జాతీయ టీవీ ఆర్‌టీఈ ఓహిగ్గిన్స్ ప్రచారాన్ని చూపించలేదు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అదే ఏడాది తిరుగుబాటుకు 50 ఏళ్లు. దేశమంతా ఉత్సవాలు. ఆ ఉత్సవాల్లో అధ్యక్షుడి హోదాలో డి వలేరా ముందు వరుసలో ఉన్నారు, టీవీ ఆ ఉత్సవాలను చూపించింది. ఒకాయన ప్రచారం చేయకుండానే రోజూ కనిపించాడు, ఇంకొకాయన ఊరూరూ తిరిగినా కనిపించలేదు.

జూన్ 1న పోలింగ్. డి వలేరాకు 5,58,861. ఓహిగ్గిన్స్‌కు 5,48,144. తేడా 10,717 ఓట్లు. అంటే 5,359 మంది ఇటు నుంచి అటు మారి ఉంటే ఫలితం తలకిందులయ్యేది. డబ్లిన్ ఓహిగ్గిన్స్ వైపు మొగ్గింది, పల్లెలు పెద్దాయన్ని నిలబెట్టాయి. టీవీలో సమానంగా కనిపించి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించండి.

ఇక్కడ వయసు లెక్క ఎంత తప్పుతుందో కూడా చూడాలి. "ఏడేళ్లు ఉంటాడా ఈయన?" అని కొందరు సందేహపడిన డి వలేరా పూర్తి ఏడేళ్లూ ఉండి, 1973లో 90 ఏళ్ల వయసులో పదవి దిగాడు. ఆయన తర్వాత వచ్చిన ఎర్‌స్కిన్ చైల్డర్స్ వయసు 67. అంటే దిగిన మనిషికంటే 23 ఏళ్లు చిన్నవాడు. 1974 నవంబరులో, ఏడాదిన్నర కూడా నిండకుండానే పదవిలో ఉండగా చనిపోయాడు. పుట్టిన తేదీ చూసి ఎవరు ఎన్నాళ్లు ఉంటారో చెప్పడం ఎవరి తరమూ కాదు. మరి వయసు గురించి అడగొద్దా? అడగాలి. ఎలా అడగాలన్నదే ఇప్పుడు చూద్దాం.

మొదటి ప్రశ్న శక్తి గురించి. శక్తి అంటే దేనికి శక్తి? ఆ పదవిలో పనేమిటో తెలియకుండా శక్తి ఉందో లేదో ఎలా చెప్తాం? ఇక్కడి అధ్యక్షుడు అమెరికా అధ్యక్షుడిలాంటివాడు కాదు, మన రాష్ట్రపతికి దగ్గర. కాకపోతే నేరుగా జనమే ఎన్నుకుంటారు. చాలా పనులు ప్రభుత్వ సలహా మీదే. దేశం దాటి వెళ్లాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. సొంత విచక్షణతో చేసే పనులు తక్కువ. కానీ ఆ కొద్దీ చాలా బరువైనవి.

ఒక బిల్లు తీసుకుందాం. పార్లమెంటు ఆమోదించాక బిల్లు అధ్యక్షుడి బల్ల మీదికి వస్తుంది. వచ్చిన ఐదో రోజుకు ముందు సంతకం పెట్టకూడదు, ఏడో రోజు దాటకూడదు. ఆ వారంలోనే ఆయన నిర్ణయించుకోవాలి, ఇది రాజ్యాంగానికి సరిపోతుందా, లేక సుప్రీంకోర్టుకు పంపాలా అని. పంపేముందు కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌ను, అంటే అధ్యక్షుడికి సలహా ఇచ్చే మండలిని, పిలిచి వాళ్ల మాట వినాలి. వినాలి అంతే, వాళ్లు చెప్పినట్టు చేయనక్కర్లేదు. నిర్ణయం ఆయన ఒక్కడిదే. పంపితే కోర్టు 60 రోజుల్లో చెప్పాలి. కోర్టు సరే అంటే ఆ చట్టాన్ని ఆ తర్వాత రాజ్యాంగ విరుద్ధమని ఎవరూ సవాలు చేయలేరు. అంటే తొందరపడి పంపినా నష్టమే, పంపాల్సింది పంపకపోయినా నష్టమే. హిగ్గిన్స్ 2013లో, 2015లో కౌన్సిల్‌ను పిలిచి, విని, ఆ బిల్లుల మీద సంతకం పెట్టేశారు. 2023లో న్యాయమూర్తుల నియామకాల బిల్లును సుప్రీంకోర్టుకు పంపారు. అప్పుడు ఆయన వయసు 82. కోర్టు ఆ బిల్లును సమర్థించింది.

ఇంకొకటి. మెజారిటీ పోయిన ప్రధాని వచ్చి సభను రద్దు చేయమంటే అధ్యక్షుడు కుదరదు అనొచ్చు. ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. కానీ 1982 జనవరిలో ప్రభుత్వం పడిపోయిన రాత్రి, సభను రద్దు చేయొద్దని ఒత్తిడి తెస్తూ ప్రతిపక్షం వైపు నుంచి అధ్యక్ష భవనానికి ఫోన్లు వెళ్లాయి. అప్పటి అధ్యక్షుడు హిల్లరీ లొంగలేదు. ఆ రాత్రి కావలసింది కండబలమా? కాదు. ఫోను మోగుతుంటే ఎత్తకుండా ఉండగల గట్టితనం.

కాబట్టి మొదటి ప్రశ్న ఇలా అడగాలి. "అయ్యా, ఏడు రోజుల్లో వంద పేజీల బిల్లు చదివి, న్యాయసలహా విని, ఒంటరిగా నిర్ణయం తీసుకునే పని ఇది. గత ఏడేళ్లలో మీరు ఆ పని ఎలా చేశారు? వచ్చే ఏడేళ్లు ఎలా చేస్తారు?" ఈ ప్రశ్న 77 ఏళ్ల మనిషినీ అడగొచ్చు, 36 ఏళ్ల మనిషినీ అడగొచ్చు. "కాటికి కాళ్లు చాపుకున్నవాడికి ఎందుకు?" అని అడిగితే మాత్రం జవాబేముంటుంది? వినేవాళ్లకు ఆయన మీద జాలి, మన మీద కోపం వస్తాయి. అంతే.

ఈ మొదటి ప్రశ్నకే రెండో సగం ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. మధ్యలో చేతకాకపోతే ఏమిటి? శాశ్వతంగా పని చేయలేని స్థితి వస్తే, కనీసం ఐదుగురు న్యాయమూర్తులున్న సుప్రీంకోర్టు ఆ సంగతి నిర్ధారించాలి. అధ్యక్షుడు లేనప్పుడు ఆ పనులు ముగ్గురు సభ్యుల కమిషన్ చేస్తుంది: ప్రధాన న్యాయమూర్తి, దిగువ సభ స్పీకర్, ఎగువ సభ అధ్యక్షుడు. అంటే బండి ఆగిపోదు. హిగ్గిన్స్ 2024 ఆరంభంలో ఆస్పత్రిలో చేరారు, స్వల్పంగా పక్షవాతం వచ్చిందని తర్వాత ఆయనే చెప్పారు. అయినా 2025 నవంబరు దాకా పూర్తికాలం ఉన్నారు. 2018లో వయసు గురించి భయపడినవాళ్ల భయం ఉత్తదే అనను. భయపడ్డది కొంత జరిగింది, పదవి మాత్రం నడిచింది. రెండూ నిజమే.

ఒక విచిత్రం చూడండి. రాజ్యాంగంలో కింద గేటు ఉంది, పైన గేటు లేదు. 35 ఏళ్లు నిండితే తప్ప నిలబడకూడదు. దాన్ని 21కి తగ్గిద్దామని 2015 మే 22న ప్రజాభిప్రాయం అడిగితే 73 శాతం మంది వద్దన్నారు. పైకి మాత్రం ఏ హద్దూ లేదు. అంటే ఈ దేశం కుర్రాళ్లను చట్టంతో ఆపింది, పెద్దవాళ్ల సంగతి ఓటరుకే వదిలేసింది. ఓటరుకే వదిలారు కాబట్టే అడగడం మన పని అయింది.

రెండో ప్రశ్న, మాట. 2011లో హిగ్గిన్స్ ఒక్కసారే ఉంటానన్నారు. 2018 జులైలో మళ్లీ నిలబడుతున్నానని ప్రకటించారు. ఇది వయసు ప్రశ్న కాదండీ. నలభై ఏళ్ల మనిషి అలా మాట మార్చినా అడగాల్సిందే. "అప్పుడు ఒకటే అన్నారు, ఇప్పుడు రెండంటున్నారు, మధ్యలో ఏం మారింది?" ఇంత చాలు. నా అభిప్రాయంలో 2018లో ఆయన మీద వేయగలిగిన ప్రశ్నల్లో బలమైనది ఇదే. పోటీదారులు దాన్ని పట్టుకుని కూర్చోలేకపోయారు.

మూడోది ఖర్చు. అధ్యక్షుడికి ఏటా 3,17,434 యూరోల భత్యం ఉండేది. దానికి బయట ఆడిట్ లేదు. ఇది 2018 ప్రచారంలో గట్టిగానే వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. కానీ మన వాదన ఎక్కడ జారిపోతుందో చూడండి. "ఈ వయసులో అంత డబ్బు ఏం చేసుకుంటారు?" అని అడిగారనుకోండి. జవాబిచ్చేవాడు తెలివైనవాడైతే "వయసైనవాళ్లను అవమానిస్తున్నారు" అంటాడు. చప్పట్లు మోగుతాయి. ఆడిట్ సంగతి అక్కడే చచ్చిపోతుంది. అదే "ఈ భత్యం లెక్క ఎవరు చూస్తారు? ఏటా ప్రచురిస్తారా, లేదా?" అని అడిగితే అవును, కాదు రెండే జవాబులు. వాక్యంలోంచి ఒక్క "వయసు" తీసేయండి, ప్రశ్న ఎంత పదునెక్కుతుందో! చర్చావేదిక ఎక్కేవాళ్లకు నేను చెప్పే పద్ధతి ఇదే. మీ ప్రశ్నను కాగితం మీద రాసుకోండి. అందులో వయసు మాట కొట్టేయండి. ప్రశ్న ఇంకా నిలబడితే అది ఖర్చు ప్రశ్నో మాట ప్రశ్నో అయి ఉంటుంది, వయసు లేకుండానే అడగండి. కూలిపోతే అది నిజంగా శక్తి ప్రశ్న, అప్పుడు బిల్లు దగ్గరికి, సంతకం దగ్గరికి తీసుకెళ్లి అడగండి.

నాలుగోది పోటీ. అసలు ఎన్నిక ఉండాలా అన్న ప్రశ్న. పదవిలో ఉన్న అధ్యక్షుడు తన పేరు తానే ప్రతిపాదించుకోవచ్చు, ఎవరి సంతకం అక్కర్లేదు. కొత్తవాడికి అలా కాదు. 20 మంది పార్లమెంటు సభ్యులైనా కావాలి, లేదా 31 కౌంటీ, నగర కౌన్సిళ్లలో నాలుగైనా ప్రతిపాదించాలి. ఒక కౌన్సిల్ ఒక్కరినే ప్రతిపాదించగలదు. పెద్ద పార్టీలు కలిసి "ఉన్నాయన్నే ఉండనిద్దాం" అనుకుంటే తలుపులు దాదాపు మూసినట్టే. 1973 తర్వాత మళ్లీ 1990 దాకా, 17 ఏళ్లు, ఈ దేశంలో అధ్యక్ష పదవికి ఓటే జరగలేదు. 1997 తర్వాత మళ్లీ 14 ఏళ్లు లేదు. 2018లోనూ పోటీ లేకపోతే ఏమయ్యేది? 2011లో 17 ఏళ్లున్న పిల్ల తన మొదటి అధ్యక్ష ఓటు వేయడానికి 31 ఏళ్లు వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది. ఫియన్నా ఫాల్, ఫీన గేల్, లేబర్ మూడు పార్టీలూ హిగ్గిన్స్ వెనకే ఉన్నాయి. షిన్ ఫేన్ పార్టీ లియా నీ రియడాను నిలబెట్టింది. నలుగురు కౌన్సిళ్ల దారిలో వచ్చారు. వాళ్లలో ఎవరికి ఓటు వేసినా వేయకపోయినా, పోటీ పెట్టారే, అది మంచి పని. ఆ మాట గట్టిగా చెప్పాలి.

మరి ఆ పోటీ ఎలా నడిచింది? బాగా నడవలేదు. కారణం ముద్దే. వయసు, జీతం, ప్రభుత్వ విమానంలో ప్రయాణం, అన్నీ కలిపేశారు. అధ్యక్షుడు చేయలేని పనులకు కూడా హామీలిచ్చారు. పెద్దాయన కొన్ని చర్చలకే వచ్చారు, 1966లో డి వలేరా ఎంచుకున్న దారిలో కొంత దూరం అన్నమాట. అక్టోబరు మధ్యలో సర్వేల్లో అట్టడుగున ఉన్న పీటర్ కేసీ, ట్రావెలర్లను ప్రత్యేక జాతిగా గుర్తించకూడదన్నాడు. ట్రావెలర్లంటే ఇక్కడి సంచార మూలాలున్న ప్రజలు, ప్రభుత్వం వాళ్లను 2017 మార్చిలోనే అలా గుర్తించింది. అధ్యక్ష పదవికీ దీనికీ సంబంధం ఏమైనా ఉందా? లేదు. కానీ మిగిలిన రోజులన్నీ చర్చ దాని చుట్టే తిరిగింది. అసలు ప్రశ్నలు ఖాళీగా వదిలేస్తే ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు ఏదో ఒకటి తెచ్చి పడేస్తారు. వలస వచ్చిన మనం ఈ సంగతి ఇంకా జాగ్రత్తగా గమనించాలి.

ఫలితం: హిగ్గిన్స్ 8,22,566, అంటే 55.8 శాతం. కేసీ 3,42,727, అంటే 23.3 శాతం. మిగతా నలుగురిలో ఒక్కరికీ 7 శాతం రాలేదు. పోలైంది 43.9 శాతమే. పోటీదారులు ఎక్కువమంది కావడం వల్ల ఓట్లు చీలి ఆయన గెలిచాడు అంటారు కొందరు. తప్పు. ఐదుగురినీ కలిపితే 6,51,334. అయినా 1,71,232 తక్కువ. పైగా ఇక్కడి పద్ధతిలో ఓట్లు అలా చీలవు.

ఇక్కడా, మన రాష్ట్రపతి ఎన్నికలోనూ ఓటు వేసేవాడు అభ్యర్థులకు తన ఇష్టం వరుసలో 1, 2, 3 అని అంకెలు వేస్తాడు. ఓట్లు ఎందుకు చీలవో చెప్పడానికి మనకు మన ఇంటి ఉదాహరణే ఉంది. 1969లో మన రాష్ట్రపతి ఎన్నిక. ఒకవైపు వి.వి. గిరి, 75 ఏళ్లు, ఉపరాష్ట్రపతిగా, తాత్కాలిక రాష్ట్రపతిగా ఉండి రాజీనామా చేసి నిలబడ్డారు. ఇంకోవైపు నీలం సంజీవరెడ్డి, 56 ఏళ్లు. ఇద్దరూ తెలుగువాళ్లే. అందులో గిరి గారు 1913 నుంచి 1916 దాకా ఇదే డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివారు! గెలవడానికి కావలసిన కోటా 4,18,169. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548. ఎవరికీ కోటా రాలేదు. చిన్న అభ్యర్థులను ఒక్కొక్కరినీ తీసేస్తూ వాళ్ల ఓట్లలో రెండో ప్రాధాన్యం చూశారు. చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427. లక్షకు దగ్గరగా ఉన్న తేడా 15 వేల లోపుకు ఎలా వచ్చిందో చూశారా? రెండో అంకె బలం అది. ఇక్కడ 1990లో ఇంకా స్పష్టంగా జరిగింది. మొదటి లెక్కలో బ్రయాన్ లెనిహన్ ముందు, మేరీ రాబిన్సన్ వెనక. మూడో అభ్యర్థి ఆస్టిన్ క్యూరీ ఓట్లు బదిలీ అయ్యాక రాబిన్సన్ గెలిచింది. కాబట్టి పెద్దాయన వద్దనుకుంటే మీకు నచ్చిన కొత్తవాడికి 1 రాయండి, ఆ తర్వాత నచ్చినవాడికి 2, 3 రాయండి. 1 రాసి ఆపేస్తే, మీ మనిషి ముందే తప్పుకుంటే మీ ఓటు అక్కడితో ఆగిపోతుంది. కాగితం మీద అంకెలు తప్ప పేరు, సంతకం ఏమీ పెట్టొద్దు. మిమ్మల్ని గుర్తుపట్టేలా ఏదైనా రాస్తే ఓటు చెల్లదు.

చివరిగా, ఈ గదిలో చాలామందికి అవసరమైన సంగతి. అధ్యక్షుడికి ఓటు ఐరిష్ పౌరులకే ఉంది. పౌరులు కానివాళ్లు ఇక్కడ నివసిస్తుంటే స్థానిక ఎన్నికల్లో ఓటు వేయొచ్చు, అందుకోసం మనలో చాలామంది ఎప్పుడో జాబితాలో పేరు రాయించుకున్నారు. జాబితాలో మీ పేరు పక్కన ఒక అక్షరం ఉంటుంది. ఎల్ ఉంటే స్థానిక ఎన్నికలకు మాత్రమే.  పౌరసత్వం వచ్చిన రోజున ఆ ఎల్ తనంతట తాను మారిపోదు. ప్రమాణం చేసి, ఫొటోలు దిగి, పాస్‌పోర్టుకు పెట్టేస్తాం. జాబితా సంగతి మర్చిపోతాం. ఎన్నికల రోజు కేంద్రానికి వెళ్తే అధికారి జాబితాలో వేలు పెట్టి చూసి, మీకు ఈ ఓటు లేదంటాడు. ఆయన తప్పు కాదు, ఆయన ముందున్న కాగితంలో ఎల్ అనే ఉంది. పౌరసత్వం మారిందని మీ కౌన్సిల్‌కు తెలపాలి, పీపీఎస్ నంబరు, అంటే ఇక్కడి ప్రభుత్వం మనకిచ్చే గుర్తింపు నంబరు, దగ్గర పెట్టుకుంటే ఆన్‌లైన్‌లో కూడా అయిపోతుంది. ఎన్నిక ప్రకటించాక పరిగెత్తితే గడువు దాటిపోవచ్చు. ఇంటికెళ్లాక మీ పేరు పక్కన ఏ అక్షరం ఉందో ఈ రాత్రికే చూసుకోండి. ఇంట్లో పద్దెనిమిది దాటిన పిల్లలుంటే వాళ్లదీ చూడండి.

ఇక ప్రశ్నలు తీసుకుందాం. ముందు వరుసలో అమ్మగారు ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, మీరు అడగండమ్మా.